ఖండాలు దాటొచ్చే చలానా

విహారయాత్ర ముగించుకుని ఇంటికొచ్చిన కొన్ని నెలలకు ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ మోగుతుంది. క్రెడిట్ కార్డు నుంచి నలభయ్యో యాభయ్యో యూరోలు పోయాయని! తీసుకున్నది ఇటలీలో కారు అద్దెకిచ్చిన కంపెనీ. ఎందుకని మెయిల్ రాస్తే, మీరు నడిపిన రోజుల్లో మా బండికి ట్రాఫిక్ జరిమానా పడిందని రెండు ముక్కల్లో జవాబు. పోతే పోయింది, పీడ వదిలిందనుకుని ఇంట్లో అందరూ ఆ సంగతి మరిచిపోతారు. మరికొన్ని నెలలకు ఏ గుంటూరులోనో, వరంగల్‌లోనో పోస్ట్‌మ్యాన్ ఓ రిజిస్టర్డ్ కవరు తెచ్చి సంతకం పెట్టించుకుంటాడు. విప్పితే ఫ్లోరెన్స్ మునిసిపల్ పోలీసుల కాగితం. ఏ వీధిలోకి, ఏ తేదీన, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు బండి వచ్చిందో అందులో అచ్చయి ఉంటుంది. అసలు జరిమానా ఇదీ. మొదట కార్డు నుంచి పోయింది, మీ పేరూ చిరునామా పోలీసులకు అందించినందుకు అద్దె కంపెనీ వేసుకున్న ఛార్జీ మాత్రమే.

తెలుగువాళ్లు ఇప్పుడు ప్రపంచంలోని చాలా రోడ్లమీద స్టీరింగ్ పట్టుకుంటున్నారు. టెక్సాస్‌లో చదువుకునే అమ్మాయి, లండన్ శివార్లలో ఉద్యోగం చేసే అల్లుడు, కువైట్‌లో హౌస్ డ్రైవర్‌గా పనిచేసే రాయచోటి యువకుడు, యూరప్‌ను బస్సు టూర్లలో కాకుండా సొంతంగా కారు నడుపుకుంటూ చూడాలనుకునే కొత్త దంపతులు... వీళ్లలో ఎవరికైనా ఒకనాడు ఇలాంటి కాగితం రావచ్చు. దాన్ని ఎలా ఎదుర్కోవాలన్నది మనకు ఎవరూ నేర్పరు. అందుకే చాలామంది దాన్ని డ్రాయర్లో పడేస్తారు. ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది.

ఆగితే తగ్గేది మన దగ్గరే

చలానా విషయంలో మనకు పదేళ్లుగా ఒక అలవాటు పాతుకుపోయింది. పడగానే ఎవరూ కట్టరు. తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలాన్లకు భారీ రాయితీ ఇచ్చారు. ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం మాఫీ. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ ఇచ్చారు. ఈసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం. పడిన రోజునే నిజాయతీగా కట్టినవాడు మొత్తం కట్టాడు, ఏళ్ల తరబడి ఆగినవాడు పావలా వంతుతో బయటపడ్డాడు. ఇలాంటి రాయితీ ఖజానాకు ఆ నెల డబ్బు తెచ్చిపెట్టినా, జనానికి నేర్పింది మాత్రం ఆగమనే.

ఈ అలవాటును విమానంలో వెంట తీసుకెళ్తే నష్టం మనకే. అక్కడ చాలా దేశాల్లో రాయితీ తొందరగా కట్టినవాళ్లకు. ఇటలీలో నోటీసు అందిన 5 రోజుల్లోపు కడితే 30 శాతం తగ్గుతుంది. బ్రిటన్‌లో పార్కింగ్ జరిమానాలాంటివి 14 రోజుల్లోపు కడితే సగమే. అబుదాబిలో 60 రోజుల్లోపు కడితే 35 శాతం తగ్గింపు. గడువు దాటిందా, చాలాచోట్ల మొత్తం పెరుగుతుంది, లేదా వ్యవహారం కోర్టుకెక్కుతుంది. దుబాయ్ పక్కనున్న కొన్ని ఎమిరేట్లు జాతీయ దినోత్సవం సందర్భంగా పాత జరిమానాలపై 50 శాతం రాయితీలు ప్రకటించే మాట నిజమే. అది చూసుకుని మిగతా ప్రపంచమూ అంతే అనుకుంటే దెబ్బతింటారు.

అందుకే నోటీసు చేతికి రాగానే మొదట చూడాల్సింది మొత్తం కాదు, తేదీ. ఏ రోజులోగా జవాబివ్వాలన్నది కాగితంలో ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది. కవరు మీద ఏ రోజు అందిందో రాసుకుని, ఆ కవరును కూడా దాచిపెట్టుకోవాలి. గడువు చాలాచోట్ల ఆ రోజు నుంచే లెక్కలోకొస్తుంది.

ఎర్ర వలయం దాటితే...

ఇటలీకి వెళ్లొచ్చిన వాళ్లను ఎక్కువగా పట్టుకునేది అతివేగం కాదు, జడ్‌టీఎల్. ‘జోనా ఎ ట్రాఫికో లిమిటాటో’ అంటారు. రోమ్, ఫ్లోరెన్స్, పీసా, సియెన్నా, బొలోన్యా లాంటి పాత నగరాల నడిబొడ్డున నిర్ణీత వేళల్లో స్థానికుల బండ్లు, బస్సులు, ట్యాక్సీలు, అనుమతి ఉన్నవాళ్లు తప్ప మరెవరూ కారుతో రాకూడదు. గేటు ఉండదు, ఆపే పోలీసు ఉండడు. ఎర్రటి వలయం, మధ్యలో తెలుపు ఉన్న బోర్డు ఒకటి, పైన కెమెరా. పక్కన వెలుగుతున్న అక్షరాల్లో ‘వార్కో అత్తీవో’ అని ఉంటే ఆంక్షలు అమల్లో ఉన్నట్లు. మధ్యలో ‘నాన్’ అన్న ముక్క ఉంటే అప్పటికి లేనట్లు. ఇటాలియన్ రాని మనిషి, ఇరుకు వీధిలో, వెనక నుంచి హారన్లు మోగుతుంటే, ఫోన్ చెప్పిన దారినే నమ్ముకుని ఆ బోర్డు కింద నుంచి వెళ్లిపోతాడు. ఏమీ జరగనట్లే ఉంటుంది. హోటల్ వెతుక్కుంటూ ఆ చుట్టుపక్కలే నాలుగు వీధులు తిరిగితే, ఒక్కో కెమెరా కింద దాటినందుకు ఒక్కో నోటీసు వచ్చే అవకాశం ఉంది. ఒకే సాయంత్రానికి మూడు కవర్లు అందుకోవడం అలాగే.

ఇక్కడ ఇటలీవాళ్ల పక్షాన ఒక మాట చెప్పాలి. ఫ్లోరెన్స్ నడిబొడ్డు 1982 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. గుర్రపు బండ్ల కాలంలో వేసిన ఆ వీధుల్లోకి వచ్చిన ప్రతి పర్యాటకుడూ కారు వేసుకొస్తే అక్కడ కాపురముండే మనిషి కిటికీ తెరవలేడు. ఆ బోర్డు మనల్ని దోచుకోవడానికి పెట్టిన వల కాదు. అయితే, పరాయి దేశస్థుడికి అర్థమయ్యేలా బోర్డులు పెట్టాల్సిన బాధ్యత ఆ నగరాలది కాదా అంటే, ఖచ్చితంగా వాళ్లదే. ఈ రెండు మాటలూ నిజమే.

జడ్‌టీఎల్ జరిమానా 83 యూరోల దగ్గర మొదలవుతుంది. నోటీసు పంపిన ఖర్చులు దానికి కలుస్తాయి. ఇప్పటి రేట్ల ప్రకారం యూరో వంద రూపాయల చుట్టుపక్కల ఉంది కాబట్టి ఎనిమిది వేలకు పైమాటే. 5 రోజుల్లోపు కడితే 83 కాస్తా 58 యూరోల పది సెంట్లవుతుంది. 60 రోజులు దాటితే గరిష్ఠ మొత్తమైన 332 యూరోల్లో సగం, అంటే 166 యూరోలకు ఎగబాకుతుంది. నోటీసు ఇంత ఆలస్యంగా వచ్చిందేమిటి, చెల్లదు కదా అని చాలామంది వాదిస్తారు. ఇటలీ చట్టం స్థానికులకు 90 రోజుల్లోపు నోటీసు పంపమంటుంది కానీ, విదేశాల్లో ఉండేవాళ్లకు పంపడానికి 360 రోజుల గడువిచ్చింది. కాబట్టి పది నెలల తర్వాత వచ్చిన కవరు కూడా చెల్లుతుంది.

అభ్యంతరం చెప్పుకునే దారులు రెండున్నాయి. ప్రిఫెక్ట్ అనే ప్రభుత్వ అధికారికి 60 రోజుల్లోపు రాసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. లేదంటే 30 రోజుల్లోపు (విదేశాల్లో ఉండేవాళ్లయితే 60 రోజుల్లోపు) స్థానిక న్యాయాధికారి దగ్గరికి వెళ్లొచ్చు, దానికి కోర్టు ఫీజు ఉంటుంది. ఒకసారి జరిమానా కట్టేస్తే ఈ రెండు దారులూ మూసుకుపోతాయి. ప్రిఫెక్ట్ మన వాదన తోసిపుచ్చితే కట్టాల్సింది కనీస మొత్తానికి రెట్టింపుకు తగ్గదు. అందుకే బోర్డు కనబడలేదు, భాష రాదు అన్న కారణాలతో అప్పీలుకు వెళ్లడం దండగ. నంబరు ప్లేటు తప్పుగా చదివినా, ఆ తేదీకి కారు అప్పటికే తిరిగిచ్చేసినా, బస చేసిన హోటల్ మీ బండి నంబరు మునిసిపాలిటీకి పంపి అనుమతి తీసుకున్నా అప్పీలులో పస ఉంటుంది. ఆ చివరిది చాలామందికి తెలియదు. జడ్‌టీఎల్ లోపల హోటల్ బుక్ చేసుకున్నవాళ్లు బయల్దేరే ముందే కారు నంబరు సంగతి హోటల్‌తో మాట్లాడుకుని, నమోదు చేశామన్న వాళ్ల జవాబును మెయిల్‌లో ఉంచుకోవాలి. అద్దె కాగితం, తిరిగిచ్చినప్పటి రసీదు కూడా కనీసం ఏడాదిన్నర పాటు పారేయకూడదు.

గుంటూరు నుంచి కట్టడం

కట్టాలని నిశ్చయించుకున్నవాళ్లకూ చిక్కులు తప్పవు. నోటీసులో ఇచ్చిన వెబ్‌సైట్‌లో కేసు నంబరు కొట్టి కార్డుతో కట్టొచ్చు. కార్డు పనిచేయకపోతే కంగారుపడక్కర్లేదు. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలో వాడకానికే పరిమితమై వస్తాయి. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి అంతర్జాతీయ లావాదేవీలను మనమే తెరవాలి. పని కాగానే మళ్లీ మూసేయాలి.

బ్యాంకు ద్వారా పంపితే ఇంకో సంగతి చూసుకోవాలి. దారిలో ఉన్న బ్యాంకులు తమ ఛార్జీలు మినహాయించుకుంటే అక్కడికి 58 యూరోలకు బదులు నలభై చిల్లర చేరుతుంది. తక్కువ చేరితే జరిమానా తీరినట్లు కాదు, కొంత జమయినట్లు మాత్రమే. అందుకని ఛార్జీలన్నీ పంపేవాళ్లే భరించే పద్ధతిలో పంపమని కౌంటర్‌లో స్పష్టంగా చెప్పాలి. కేసు నంబరు, కారు నంబరు వివరణలో రాయాలి. డబ్బు చేరడానికి పట్టే రోజుల్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ఈ అయిదు రోజుల రాయితీ విదేశీయులకు అందడం కష్టమే. కార్డు ఒక్కటే దానికి దారి.

మరి కట్టకపోతే? ఈ ప్రశ్న అందరి మనసులోనూ ఉంటుంది కాబట్టి తప్పించుకోకుండా మాట్లాడుకోవాలి. యూరోపియన్ యూనియన్ దేశాలు 2005 నాటి ఒప్పందం ప్రకారం ఒకరి జరిమానాలు మరొకరు వసూలు చేసి పెట్టుకుంటాయి. ఆ ఏర్పాటులో భారత్ లేదు. షెంగెన్ వీసా దరఖాస్తులో ట్రాఫిక్ జరిమానా గురించిన ప్రశ్న లేదు. వసూలు ఏజెన్సీల ఉత్తరాలు వస్తాయి, మొత్తం పెరుగుతుంది. కానీ అన్ని దేశాలూ ఇటలీలా ఉండవు. స్విట్జర్లాండ్‌లో కట్టని జరిమానా చివరికి జైలు రోజులుగా మారవచ్చు. ఊళ్లో పరిమితికి 5 కిలోమీటర్లు మించితే 40 ఫ్రాంకులు, 15 మించితే 250 ఫ్రాంకులు. ఆ పైన జరిమానా పట్టికే వర్తించదు, క్రిమినల్ కేసవుతుంది. నా వరకు కట్టడమే సబబు. చట్టం పట్టుకోగలదా లేదా అన్నది అటుంచితే, ఆ వీధుల్ని చూసి మురిసిపోయి ఫొటోలు తెచ్చుకున్నది మనమే కదా. వాటిని కాపాడుకోవడానికి ఆ ఊరివాళ్లు పెట్టుకున్న కట్టుబాటును మీరినప్పుడు, ఆ ఖర్చు మోయాల్సిందీ మనమే.

పేరు మార్చితే జైలే

బ్రిటన్‌లో కెమెరాకు చిక్కితే నోటీసు కారు ఎవరి పేరున ఉందో వాళ్లకు 14 రోజుల్లోపు వస్తుంది. ఆ సమయంలో ఎవరు నడిపారో 28 రోజుల్లోపు రాసి పంపాలి. చెప్పకపోతే అది వేరే నేరం. లైసెన్సు మీద 6 పాయింట్లు. కొత్తగా లైసెన్సు వచ్చిన రెండేళ్లలోపు 6 పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది. మామూలు అతివేగానికి కనీసం 100 పౌండ్లు, 3 పాయింట్లు. స్వల్పంగా మించినవాళ్లకు జరిమానా బదులు అవగాహన తరగతి అవకాశం ఇస్తారు. దొరికితే దాన్ని వదులుకోకూడదు.

ఇలాంటి ఉత్తరం వచ్చినప్పుడు మనవాళ్ల మధ్య వినిపించే సలహా ఒకటుంది. ‘మామయ్యగారు వచ్చే నెల ఇండియా వెళ్లిపోతారు కదా, ఆయన నడిపారని రాసెయ్’. ప్రేమతోనే ఇస్తారు ఈ సలహా. ఇచ్చేవాళ్లకు దాని లోతు తెలియదు.

ఆస్ట్రేలియాలో మార్కస్ ఐన్‌ఫెల్డ్ అనే ఆయన ఫెడరల్ కోర్టు మాజీ జడ్జి. మానవ హక్కుల రంగంలో పెద్ద పేరు. 2006 జనవరిలో సిడ్నీలో ఆయన కారు 50 పరిమితి ఉన్నచోట 60 వేగంతో కెమెరాకు చిక్కింది. జరిమానా 77 డాలర్లు. కారు తాను నడపలేదని, అమెరికా నుంచి వచ్చిన స్నేహితురాలికి ఇచ్చానని కోర్టులో ప్రమాణం చేసి చెప్పారు. ఆమె అప్పటికి మూడేళ్ల క్రితమే కన్నుమూశారని విలేకరులు బయటపెట్టారు. 2009 మార్చిలో ఆయనకు మూడేళ్ల జైలుశిక్ష పడింది.

బ్రిటన్‌లో క్రిస్ హ్యూన్ కథ కూడా ఇంతే. 2003లో మోటార్‌వే మీద అతివేగానికి పడిన పాయింట్లను అప్పటి భార్య విక్కీ ప్రైస్ తన మీద వేసుకున్నారు. ఆయన ఆ తర్వాత మంత్రి అయ్యారు. కాపురం విచ్ఛిన్నమయ్యాక విషయం బయటపడింది. 2012లో మంత్రి పదవి వదిలారు. 2013 మార్చిలో ఇద్దరికీ ఎనిమిదేసి నెలల జైలు. మూడు పాయింట్ల వ్యవహారం, పదేళ్ల తర్వాత ఒక రాజకీయ జీవితాన్ని తుడిచిపెట్టింది.

మంత్రినీ జడ్జినీ వదలని చట్టం వీసా మీద ఉన్న మనిషిని వదులుతుందా? తప్పు నడిపినందుకు పడేది జరిమానా. అబద్ధం చెప్పినందుకు పడేది న్యాయానికి అడ్డుపడిన కేసు. రెండో దాని మచ్చ ఏ దేశం వీసా దరఖాస్తులోనైనా వెంటాడుతుంది. మామయ్యగారు నిజంగా నడిపితే ఆయన పేరే రాయాలి, నడపకపోతే రాయకూడదు. ఇందులో రెండో మాటే లేదు. 

అమెరికాలో టికెట్ పడితే

తెలుగు కుటుంబాలకు ఎక్కువ అవసరమైన కథ అమెరికాది. అక్కడ ఇంకా ఎక్కువగా మనిషే ఆపుతాడు. టెక్సాస్ అయితే 2019లో రెడ్‌లైట్ కెమెరాలను నిషేధించింది కూడా. వెనక ఎరుపు నీలం లైట్లు వెలగ్గానే కుడిపక్కకు తీసి ఆపాలి. మన అలవాటు ప్రకారం దిగి పోలీసు దగ్గరికి నడిచి వెళ్లకూడదు. ఆ దేశంలో తుపాకులు ఎక్కువ; దిగి వచ్చే మనిషిని పోలీసు ప్రమాదంగా చూస్తాడు. అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి కూర్చోవాలి. డ్యాష్‌బోర్డులో కాగితాల కోసం వెతికేముందు తీస్తున్నానని చెప్పాలి. ‘ఏదో చూసి సర్దుకోండి’ అంటూ డబ్బు మాట ఎత్తితే అది లంచం నేరం, టికెట్ కంటే వంద రెట్లు పెద్ద కేసు.

టికెట్ మీద సంతకం పెట్టమంటే చాలామంది పిల్లలు భయపడతారు. ఆ సంతకం నేరం ఒప్పుకున్నట్లు కాదు; ఫలానా తేదీలోగా కోర్టుకు జవాబిస్తానన్న హామీ. పెట్టనంటే అరెస్టు చేయొచ్చు. చిన్న ట్రాఫిక్ తప్పుకు అరెస్టేమిటన్న సందేహానికి అమెరికా సుప్రీంకోర్టే జవాబిచ్చింది. 1997లో టెక్సాస్‌లోని లాగో విస్టాలో ఒక తల్లి ఇద్దరు పిల్లలతో సీటు బెల్టు లేకుండా వెళ్తుంటే పోలీసు సంకెళ్లు వేసి తీసుకెళ్లాడు. ఆ తప్పుకు గరిష్ఠ జరిమానా 50 డాలర్లే. అయినా అరెస్టు రాజ్యాంగ విరుద్ధం కాదని 2001లో అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలిచి తీర్పిచ్చారు.

ఆన్‌లైన్‌లో ఫైన్ కట్టేసి ఊపిరి పీల్చుకోవడం మరో సాధారణ పొరపాటు. కట్టడమంటే చాలా రాష్ట్రాల్లో నేరం ఒప్పుకున్నట్లే లెక్క. డ్రైవింగ్ రికార్డుకెక్కుతుంది, ఇన్సూరెన్సు ప్రీమియం ఏళ్ల తరబడి పెరుగుతుంది. రెండొందల డాలర్ల టికెట్ అసలు ధర అక్కడ తేలుతుంది. కట్టేముందు కోర్టు క్లర్కును అడగాల్సినవి కొన్నున్నాయి. టెక్సాస్‌లో గత 12 నెలల్లో తీసుకుని ఉండకపోతే, వేగం పరిమితికి 25 మైళ్లు మించకపోతే, ఆరు గంటల డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు పూర్తిచేసి టికెట్ కొట్టేయించుకోవచ్చు. కాలిఫోర్నియాలో 18 నెలలకోసారి ట్రాఫిక్ స్కూలు ఉంది. కోర్టుకు వెళ్లకుండానే రాతపూర్వకంగా వాదన పంపే పద్ధతీ ఉంది, దానికి జరిమానా మొత్తం ముందు డిపాజిట్ చేయాలి, గెలిస్తే వెనక్కిస్తారు. చాలా కౌంటీల్లో ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి నేర తీవ్రత తగ్గించుకోవచ్చు. వీటన్నిటికీ ఒకటే షరతు. టికెట్ మీదున్న తేదీ దాటకూడదు.

రాష్ట్రం మారితే చట్టం మారుతుందన్నది మనవాళ్లు నిర్లక్ష్యం చేసే మరో విషయం. టెక్సాస్‌లో ఆస్టిన్ నుంచి సెగీన్ వైపు వెళ్లే 130వ నంబరు టోల్ రోడ్డు మీద గంటకు 85 మైళ్ల వేగానికి అధికారికంగా అనుమతి ఉంది. దేశంలోకెల్లా ఎక్కువ పరిమితి అదే. ఆ 85 దాటి ఒక్క మైలు వెళ్లినా వర్జీనియాలో అది ‘రెక్‌లెస్ డ్రైవింగ్’. పరిమితి కంటే 20 మైళ్లు మించినా అంతే. అది టికెట్ కాదు, క్లాస్ 1 నేరం. చట్టంలో 12 నెలల వరకు జైలు, 2,500 డాలర్ల వరకు జరిమానా రాసి ఉన్నాయి. 70 పరిమితి ఉన్న హైవే మీద 86 వెళ్తే మించింది 16 మైళ్లే, అయినా కేసు క్రిమినల్. డాలస్ నుంచి ఉద్యోగం మారి వర్జీనియాలోని ఆష్‌బర్న్‌కు వచ్చిన తెలుగు కుర్రాడు ఈ తేడాను లైసెన్సు మార్చుకునేటప్పుడే తెలుసుకోవాలి. అలాంటి కేసు పడ్డప్పుడు లాయరుకయ్యే ఖర్చు దగ్గర వెనకాడకూడదు.

వీసా సంగతి ఇక్కడే వస్తుంది. మామూలు అతివేగం టికెట్ దానంతటదే వీసాకు అడ్డు కాదు. కానీ వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా, నేరం రుజువైందా అని అడుగుతారు. వర్జీనియా రెక్‌లెస్ డ్రైవింగ్‌లో శిక్ష పడితే ఔననే రాయాలి. పౌరసత్వ దరఖాస్తు ట్రాఫిక్ టికెట్ల గురించి కూడా అడుగుతుంది. మద్యం, డ్రగ్స్ ప్రమేయం లేకుండా, అరెస్టు జరగకుండా, 500 డాలర్లకు లోపు జరిమానాతో పోయినవాటికి కాగితాలు జతచేయనక్కర్లేదు. తాగి నడిపితే మాత్రం కథ వేరు. 2015 నుంచి అమలులో ఉన్న విధానం ప్రకారం అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే, వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకు ఉంది.

2025 ఏప్రిల్ గుర్తుండే ఉంటుంది. అమెరికా ప్రభుత్వం వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డుల్ని, అంటే విద్యార్థి హోదాను నమోదు చేసే ప్రభుత్వ రికార్డుల్ని, ఉన్నట్టుండి రద్దుచేసింది. వాళ్లలో భారతీయులు చాలామంది. కొందరిపై ఉన్నది చిన్న ట్రాఫిక్ కేసు, అది కూడా ఎప్పుడో కొట్టేసినది. విద్యార్థులు కోర్టులకెళ్లారు, జడ్జీలు స్టే ఇచ్చారు, నెలాఖరుకు ప్రభుత్వం రికార్డుల్ని పునరుద్ధరించింది. అప్పుడు లాయర్లు మొదట అడిగిన కాగితం కేసు ఎలా ముగిసిందో చెప్పే కోర్టు సర్టిఫైడ్ కాపీ. టికెట్ తీరిపోయిన రోజునే ఆ కాపీ తీసి పాస్‌పోర్టుతో పాటు దాచుకోవాలని పిల్లలకు తల్లిదండ్రులు ఇక్కణ్నుంచే గట్టిగా చెప్పాలి.

అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది చిరునామా. సెమిస్టరు అయిపోగానే ఇల్లు మారతారు, కోర్టు ఉత్తరం పాత అపార్ట్‌మెంటుకు వెళ్తుంది. హాజరు కాలేదని వారెంటు పుడుతుంది. 44 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ ఒక ఒప్పందంలో ఉన్నాయి. ఒక రాష్ట్రంలో జవాబివ్వని టికెట్‌కు సొంత రాష్ట్రంలో లైసెన్సు సస్పెండవుతుంది. ఆ విషయం మళ్లీ ఏదో రోడ్డు మీద పోలీసు ఆపినప్పుడే తెలుస్తుంది.

సందర్శనకు వెళ్లిన తల్లిదండ్రులు పిల్లల కారు నడపాలనుకుంటే బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. ఫారం 4ఏ, కేంద్రం నిర్ణయించిన ఫీజు వెయ్యి రూపాయలు, ఏడాది చెల్లుబాటు. మన లైసెన్సుతో కలిపి చూపిస్తేనే అది పనికొస్తుంది.

ఈ జరిమానాల సందులో దొంగలూ దూరారు. టోల్ బాకీ ఉంది, వెంటనే కట్టకపోతే ఆలస్య రుసుము పడుతుందంటూ లింకుతో మెసేజీలు వస్తున్నాయని 2024 ఏప్రిల్‌లో ఎఫ్‌బీఐ హెచ్చరించింది. మెసేజ్‌లో వచ్చిన లింకు ఎప్పుడూ నొక్కకూడదు. కోర్టు పేరో టోల్ సంస్థ పేరో మనమే టైపు చేసి, టికెట్ నంబరుతో వెతికి చూసుకోవాలి. ఇక్కడ మన ఫోన్లకు ఆర్టీవో చలాన్ పేరుతో వచ్చే యాప్ ఫైళ్లదీ ఇదే బాపతు.

గల్ఫ్ స్టీరింగ్

జరిమానా మాట ఎత్తితే నిజంగా గుండె గుభేలుమనేది గల్ఫ్‌లో బండి నడుపుకుని బతికేవాళ్లకు. కువైట్‌లో 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం వచ్చింది. నడుపుతూ ఫోన్ పట్టుకుంటే 75 దినార్లు, అంటే మన డబ్బులో ఇరవై వేలకు పైనే. అంతకుముందు 5 దినార్లుండేది. రెడ్ సిగ్నల్ దాటితే 150 దినార్లు. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి, కోనసీమ నుంచి వెళ్లిన హౌస్ డ్రైవర్లకు మేడమ్ ఫోన్ చేసినప్పుడు ఎత్తకపోతే ఇంట్లో కోపం, ఎత్తితే రోడ్డు మీద కెమెరా. ఇంటివాళ్ల ఫోన్‌కు జవాబివ్వాలంటే బండి ఆపాలని మొదటి రోజే చెప్పి ఒప్పించుకోవాలి. చెప్పడం కష్టమే, కానీ పంపే డబ్బు మీద ఇక్కడ ఒక ఇల్లు నడుస్తోంది.

యూఏఈలో ఊరు మారితే లెక్క మారుతుంది. దుబాయ్‌లో బోర్డు మీదున్న వేగం కంటే 20 కిలోమీటర్లు ఎక్కువైతేనే కెమెరా కొడుతుంది. అబుదాబిలో 2018 ఆగస్టు నుంచి ఆ వెసులుబాటు లేదు. బోర్డు మీద 140 అంటే 140. ఈ రెంటి మధ్య రోజూ తిరిగే ట్యాక్సీ, డెలివరీ వ్యాన్ డ్రైవర్లు ఇక్కడే దెబ్బతింటారు. 60 కిలోమీటర్లు మించితే 2,000 దిర్హమ్‌లు, 12 బ్లాక్ పాయింట్లు, బండి 30 రోజులు సీజ్. 24 పాయింట్లు చేరితే లైసెన్సు సస్పెన్షన్.

కంపెనీ బండి అయితే జరిమానా మొదట కంపెనీ ఫైలుకెక్కి, నెలాఖరున జీతంలో కోతగా కనిపిస్తుంది. ఏ తేదీన, ఎక్కడ, ఎందుకు పడిందో చూపించమని అడిగే హక్కు డ్రైవర్‌కు ఉండాలి. ఆ సమయంలో బండి తన చేతిలో ఉందో లేదో తేలాలంటే ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రాసే పుస్తకం కావాలి. కంపెనీ పెట్టకపోతే డ్రైవరే ఫోన్‌లో రాసుకోవాలి. యూఏఈ లేబర్ చట్టం ప్రకారం అన్ని రకాల కోతలూ కలిపి జీతంలో సగానికి మించకూడదు.

కువైట్‌లో 2023 ఆగస్టు నుంచి విదేశీయులు ట్రాఫిక్ బాకీలు తీర్చకుండా దేశం దాటలేరు. చెల్లెలి పెళ్లికని సెలవు పెట్టి, బంగారం కొనుక్కుని విమానాశ్రయానికి వెళ్లాక తెలిస్తే ఆ కంగారు చెప్పనలవి కాదు. సహెల్ యాప్‌లో సివిల్ ఐడీతో తన పేరున ఉన్న జరిమానాలు కనిపిస్తాయి. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) బండి మీద పడ్డవి కఫీల్ ఖాతాలో ఉంటే ఆయన్నే అడిగి తెలుసుకోవాలి. విమానం టికెట్ కొనడానికి ముందే ఈ రెండూ చూసుకుని, కట్టిన రసీదు ఫోన్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి పెట్టుకుని బయల్దేరితే విమానాశ్రయంలో ఆ కారణంతో ఆగిపోయే పరిస్థితి రాదు.